స్థపతి లెక్క

పెనుగొండ వచ్చిన యాత్రికులు నగరేశ్వరస్వామి గుడి చూసుకుని, వాసవీ మాత పంచలోహ విగ్రహం ముందు తలెత్తి నిలబడగానే అడిగేది ఒక్కటే: ‘ఎన్ని అడుగులండీ?’ తొంభై అని చెప్పడానికి పక్కన ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. అదే ప్రశ్న శిల్పశాస్త్రం చదువుకున్న స్థపతి ముందు పెడితే ఆయన ముందు తాళం సంగతి ఎత్తుతాడు.

తాళం అంటే ముఖం పొడవు, జుట్టు మొదలయ్యే చోటి నుంచి గడ్డం కొస దాకా. సుమారుగా అందులో పన్నెండో వంతు అంగుళం. టేపు మీద అంగుళానికీ దీనికీ చుట్టరికం లేదు. ఏ విగ్రహం అంగుళం ఆ విగ్రహానిదే. పెద్ద దేవతలకు దశతాళం వాడతారు. విష్ణుమూర్తికి అందులో ఉత్తమం, అంటే నిలువెత్తు 124 అంగుళాలు. అమ్మవార్లకు మధ్యమం, 120. ముక్కు, మెడ, మోకాలు, ఒక్కోదానికీ ఇన్నేసి అంగుళాలని లెక్క ఉంది. 90 అడుగుల అమ్మవారిని ఈ పద్ధతిలో కొలిస్తే ఒక్కో అంగుళం మన టేపు మీద తొమ్మిది అంగుళాలు. పూజగదిలో ఆరంగుళాల విగ్రహంలో అదే అంగుళం మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ. పోలిక మాత్రం చెడదు. పక్కన మనిషో చెట్టో లేకుండా ఫొటో తీస్తే, బాగా కుదిరిన విగ్రహం అరచేతిలోదో ఆకాశమంతదో చెప్పలేం. ఈ సంప్రదాయంలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఇదే.

రాతి పనిలో ఆ లెక్కకు ఇంకో పరీక్ష ఉంది. ముందు సుత్తితో కొట్టి వింటారు. గంటలా ఖంగుమంటే పురుషశిల, మూర్తికి పనికొస్తుంది. నాదం మెత్తగా ఉంటే స్త్రీశిల, పీఠానికి. మొద్దుగా పలికితే నపుంసకశిల, అది పునాదికి. తర్వాత రాతి మీద నిలువునా నడిమి గీత గీస్తారు, బ్రహ్మసూత్రం అంటారు దాన్ని. అవయవాలన్నీ ఆ గీతకు ఇటూ అటూ ఎంత దూరమో కొలిచి, ఉలితో పైనుంచి పొరలు పొరలుగా లోపలికి వెళ్తారు. కళ్లు తెరవడం చిట్టచివర. ఒక్క దెబ్బ ఎక్కువైతే అతుకు వేసే వీలు లేదు.

కంచు పోతలో అలా కాదు, తప్పు దిద్దుకోవచ్చు. ఎతియెన్ ఫాల్కొనెకు ఇది బాగా తెలుసు. ఫ్రెంచి రాజుగారి సేవ్ర్ పింగాణీ కార్ఖానాలో శిల్పవిభాగం నడిపిన ఈయన్ని, తత్వవేత్త దిదెరో సిఫారసు మీద రష్యా రాణి కేథరిన్ 1766లో పీటర్స్‌బర్గ్ పిలిపించుకుంది. పని, గుర్రమెక్కిన మహా పీటరు విగ్రహం. మన స్థపతి ధ్యానశ్లోకంలోంచి మూర్తిని చూస్తాడు. ఫాల్కొనె మట్టిదిబ్బ కట్టించి, రౌతుల చేత దాని మీద గుర్రాలను ముందుకాళ్లెత్తించి చూశాడు. బరువంతా వెనక కాళ్ల మీదే పడకుండా తోకకు ఒక పామును తగిలించాడు. పీటరు తల మాత్రం ఆయన శిష్యురాలు మరీ ఆన్ కొలో చేసింది. 1775లో కరిగిన కంచు అచ్చులోంచి కారిపోయి మంటలు లేచాయి. చెడిన పైభాగాన్ని రెండేళ్ల తర్వాత మళ్లీ పోశారు. పీఠానికి తెచ్చిన బండ వెయ్యి టన్నుల పైమాటే. కంచు గోళాల మీద దొర్లించి, పడవలో ఎక్కించి క్షేమంగా చేర్చారు. కొలువు పెద్దలతో పడక ఫాల్కొనె 1778లో వెళ్లిపోయాడు. 1782లో తెర తీసిన రోజు శిల్పి అక్కడ లేడు.

పై ఊరి నుంచి వచ్చి పరాయి ఏలిక దగ్గర అంత పని నెత్తికెత్తుకున్న శిల్పి తెలుగునాట ఎవరంటే నేను ఎస్.ఎం. గణపతి స్థపతి పేరే చెబుతాను. పుట్టింది తమిళనాడులో, పని చేసింది ఎక్కువగా ఇక్కడ. మన గోదారి ఎగువన భద్రాచలం రామాలయంలో ఆయన పని ఉంది. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగే గుళ్లను రాయి రాయీ విప్పి వేరేచోట నిలబెట్టిన పనిలోనూ ఉన్నాడు. న్యూయార్కులో ఫ్రెంచి శిల్పి బర్తోల్డీ చేసిన స్వేచ్ఛా ప్రతిమను చూసొచ్చిన ముఖ్యమంత్రి ఎన్టీ రామారావుకు హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుణ్ణి నిలపాలనిపించింది. భువనగిరి దగ్గర రాయగిరిలో ఒకే రాయి దొరికింది. విగ్రహం 58 అడుగులు, దాదాపు 350 టన్నులు.

గణపతి స్థపతి చేతుల్లో చెక్కడం పూర్తయింది. 1989 చివర్లో రామారావు గద్దె దిగారు. పీటర్స్‌బర్గ్‌లో శిల్పి వెళ్లిపోతే ఇక్కడ ఏలికే వెళ్లిపోయాడన్నమాట. 1990లో స్థపతికి పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది మార్చి 10న బుద్ధుణ్ణి మోస్తున్న పడవ ఒరిగి విగ్రహం సాగర్ అడుక్కి పోయింది, దాంతోపాటు కొందరు పనివాళ్ల ప్రాణాలూ పోయాయి. ఆ మనుషుల గురించి బుద్ధుడి ఎత్తు గురించి చెప్పినంతగా మనం చెప్పుకోం. 1992 డిసెంబరు 1న పైకి తీసి నిలబెట్టారు. రెండున్నరేళ్ల పైన నీళ్లలో ఉన్నా రాయి చెక్కుచెదరలేదు.

ఫాల్కొనె తన పేరును పీటరు అంగీ మడతలో చెక్కి వెళ్లాడు, కింద నిలబడినవాళ్లకు కనిపించని చోట. పీఠం మీద పెద్దక్షరాల్లో పేర్లు రెండే ఉన్నాయి: పీటరుది, కేథరిన్‌ది.