గోడ రంగు, గుడ్డ మీద

"ఏ గోడకమ్మా?" అనడిగాడు హార్డ్‌వేర్ కొట్టు కుర్రాడు. గోడకు కాదు బాబూ, తెరకు అన్నాను. గోడ రంగులో కలిపే నీలం స్టెయినర్ సీసా ఇవ్వాలా వద్దా అన్నట్టు ఓ క్షణం చేతిలోనే పట్టుకున్నాడు.

మా అపార్ట్‌మెంట్ పిల్లల సంక్రాంతి నాటకానికి వెనక తెర కావాలి. తెర నిండా ఆకాశం, కింద కొండలు. ఫ్యాబ్రిక్ పెయింట్ పేరుతో అమ్మేది 15 మిల్లీలీటర్ల బుడ్డి. జాకెట్టు చేతుల మీద నాలుగు పువ్వులకు సరి. ఆకాశానికి ఎన్ని బుడ్లు కావాలో లెక్కేసి, చవక రంగుల మీద పడ్డాం.

మొదట డిస్టెంపర్. ఎండాక తెర అప్పడంలా బిగిసింది, మడతపెడితే మడత పొడుగునా పొడి రాలింది. అందులో చాలావరకు సుద్దే మరి. తర్వాత పిల్లల పోస్టర్ కలర్. చూడముచ్చటగా పట్టింది. రాత్రి డాబా మీదే వదిలేశాం. తెల్లారేసరికి మంచుకు ఆకాశం కిందికి జారి కొండల్లో కలిసిపోయింది.

ఆ అవస్థ చూసి కింద వాటాకు రంగులేస్తున్న మేస్త్రీ దారి చెప్పాడు. "ఒట్టి స్టెయినర్‌లో బంక ఉండదమ్మా, ఎన్నాళ్లయినా చేతికంటుతుంది. ఎమల్షన్‌లో కలుపుకోండి." కలిపితే నిలిచింది. ఎమల్షన్ తెల్లనిది కాబట్టి నీలం లేతబడింది, ఎరుపు గులాబీ అయింది. ఆకాశానికి అదే మేలయింది. పలచగా రావాలని నీళ్లు ఎక్కువ పోస్తే మాత్రం బంకా పలచబడి మొదటి ఉతుకులోనే రంగు పోతుంది. కొత్త గాడా గుడ్డనైతే గంజి వదిలేదాకా ఉతికి తీరాలి. మేం బద్ధకించి వదిలేసిన ఓ మూల రంగు గోటితో గీరితే పెచ్చులుగా లేచింది.

నాటకం అయిపోయినా నాకు ఆ పిచ్చి వదల్లేదు. పాత పంచె ముక్కను తడిపి పలక మీద పరిచి, నీళ్లు కలిపిన అక్రిలిక్ రంగు పూసి, తడి మీదే బొప్పాయి ఆకునూ మునగ రెమ్మనూ అదిమి మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టాను. ఆరాక బొప్పాయి ఆకు ఎత్తితే, దాని కింద ఈనెలతో సహా లేత రంగు ఆకు! ఎండకు రంగు మారిందనుకున్నాను గానీ, నిజానికి అది తడి చేసే పని. ఆకు కప్పని చోట గుడ్డ ముందుగా ఆరుతుంది. ఆరుతూ ఆరుతూ ఆకు కింది తడిని, దాంతోపాటు రంగును తనవైపు లాక్కుంటుంది. మునగ రెమ్మ గాలికి లేచి రెండు చోట్ల దిగినట్టుంది, అక్కడ మసక తప్ప ఏమీ లేదు. మర్నాడు తిరగేసి ఇస్త్రీ చేశాను. ఇప్పుడది వరండాలో వేలాడుతోంది.

ఒంటిమీది బట్టకు గోడ రంగు పూయను. బూజు పట్టకుండా అందులో కలిపే మందులు చర్మానికి తగలాల్సినవి కావు.

చవక మాటకొస్తే శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ల ముందు నేను దుబారా మనిషిని. వాళ్ల నలుపుకు కావలసింది తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు. రోజుల తరబడి పులియబెట్టి వడగడితే కసిమి. గుడ్డను ముందే కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఎండబెడతారు. పాల కొవ్వు గీతను పాకనివ్వదు. కరక్కాయ వగరుతో ఇనుము కలిసి పోగులోనే నల్లబడుతుంది. బంకతో పనే లేదు.

మా మెట్ల కింద ఓ సీసాలో తుప్పు మేకులు, బెల్లం నీళ్లు పదకొండు రోజులుగా నానుతున్నాయి. నిన్న మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన జేబురుమాలు మూల ఓ చుక్క వేసి చూశాను. బూడిద రంగు దాటలేదు. ఇంకో వారం ఆగాలి కాబోలు.