నంద్యాల సంఘ విభజన: మన చరిత్ర రచనపై ఒక విమర్శ

సంఘాల జూబ్లీ సంచికలు చదివేవారికి వాటి పద్ధతి తెలిసినదే. మొదట మిషనరీల రాక, తరువాత పాఠశాల, ఆసుపత్రి, ఆలయ ప్రతిష్ఠ, గురువుల పేర్ల పట్టిక, చివర కృతజ్ఞతా స్తుతి. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత సంఘాలను గూర్చి మనవారు వ్రాసుకొన్నవి కూడా ఎక్కువగా ఈ కోవకు చెందినవే. అవి భక్తితో వ్రాసినవి. అయితే 1947 నుండి 1975 వరకు గల కాలాన్ని ఒకటి రెండు వాక్యాలతో దాటవేయడం వాటి లోపం. ఆ మౌనం విశ్వాసానికి మేలు చేయలేదని మా అభిప్రాయం.

జరిగినదేమిటి? 19వ శతాబ్దంలో ఎస్.పి.జి. మిషనరీలు ఆళ్లగడ్డకు సమీపమందలి ముత్యాలపాడులోను, తరువాత నంద్యాలలోను కేంద్రాలు నెలకొల్పారు. కాలక్రమేణా ఈ సంఘాలు దోర్నకల్ డయోసిస్‌లో చేరాయి. దాని అధ్యక్షులు, 1912లో అభిషిక్తులైన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య, సంఘైక్యత కొరకు ప్రయాసపడి 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఆరంభమైంది. అజరయ్య డయోసిస్‌లోనిదే అయిన నంద్యాల ప్రాంతంలో మాత్రం వేలాదిమంది విశ్వాసులు అందులో చేరక ఆంగ్లికన్లుగానే ఉండిపోయారు. 1963లో వారికి ప్రత్యేక డయోసిస్ ఏర్పడింది. 1975లో అది దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది.

ఈ ఎడబాటును కొందరు మొండితనమని, కొందరు విశ్వాస్యత అని చెప్పి ముగిస్తారు. రెండూ చాలవు. బిషప్పు హస్తనిక్షేపణ లేకుండా అభిషేకం పొందిన మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ గురువులను తిరిగి అభిషేకించకుండానే అంగీకరించవచ్చునా అన్నది నిజమైన వేదాంత ప్రశ్న. దానితోపాటు మరొక సంగతి ఉంది. ఎస్.పి.జి. తన సాధారణ నిధులను కొత్త సంఘానికి పంపక, ప్రత్యేక నిధి ఏర్పరచింది. ఉపదేశకుల జీతాలు, బడుల నిర్వహణ మిషను సహాయం మీదనే నడిచిన పల్లెలలో ఇది చిన్న సంగతి కాదు. మనస్సాక్షి ఎంత, భయం ఎంత అని అడగని చరిత్ర సగం చరిత్రయే.

కొన్నేళ్ల క్రితం మా సంఘ యువకుడొకడు, "అయ్యగారూ, ఒకే బల్ల దగ్గర కూర్చోలేనివారు ఒకే దేవుని గూర్చి మాకు ఎట్లా చెప్పారు?" అని అడిగాడు. మేము యోహాను 17వ అధ్యాయం చూపి ప్రార్థన చేశాము. చరిత్ర చెప్పలేదు. అతడు ఆరాధనకు రావడం క్రమంగా మానుకొన్నాడు. అతడు ఏ నాస్తిక గ్రంథమూ చదవలేదు. మా తప్పించుకొనే జవాబే అతనికి చాలింది.

అవిశ్వాసమంతా బయటి నుండి వస్తుందని మనం ప్రసంగిస్తుంటాము. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. అంటరానితనానికి విరోధంగా సహపంక్తి భోజనాలు జరిపించారు. దేవుడు లేడన్న ఆయన నిర్ణయాన్ని మనం అంగీకరించము. మనుష్యుల తగవులు దేవుడు లేడనుటకు రుజువు కావు. కానీ ఆయన పంక్తిలో కూర్చున్నవారిని చూచినప్పుడు మన బల్లను గూర్చి సిగ్గుపడవలసి ఉంది.

లోపాలు వ్రాస్తే విరోధులకు ఆయుధమిచ్చినట్లే గదా అని కొందరు పెద్దలంటారు. ఆ జాగ్రత్త అర్థం చేసుకోదగినదే. అయితే అంతియొకయలో పౌలు పేతురును ముఖాముఖిగా ఎదిరించిన సంగతిని గలతీ పత్రిక 2వ అధ్యాయం దాచలేదు. అదీ సహపంక్తి భోజనాన్ని గూర్చిన తగవే. లేఖనం దాచనిదాన్ని మన సంచికలు ఎందుకు దాచాలి?

1947ను ఎరిగినవారు కొద్దిమందే మిగిలారు. 1975ను ఎరిగినవారు వృద్ధులయ్యారు. సెమినరీ విద్యార్థులు సెలవులకు వెళ్లినప్పుడు వారి పక్కన కూర్చొని, ఇరుపక్షాల మాటలూ వ్రాసుకొనవలెను. పాస్టరేటు రిజిస్టర్లు, కమిటీ మినిట్సు పుస్తకాలు చెదలకు పోకముందే చదవవలెను. ఆ యువకుడు మళ్లీ ఎదురైతే మేము మొదట చెప్పవలసినది ఈ చరిత్రనే. ప్రార్థన దాని తరువాత.