రాస్-క్రామర్టీ: సమాసవిచారము

స్కాట్లండునందలి పూర్వపు ‘రాస్ అండ్ క్రామర్టీ’ మండలమును ఆదినుండియు నేకదేశమే యని కొందఱు వ్రాయుదురు. అది విచారణీయము. టార్బట్ వైకౌంటగు జార్జి మెకంజీ, చెదరియున్న తన భూములను 1690 నాటి శాసనముచే క్రామర్టీ మండలమున జేర్పించెను. అందుచే రాస్ నడుమ క్రామర్టీ ఖండములు దీవులవలె నిలిచెను. 1889 నాటి స్థానికపరిపాలనా శాసన మా రెంటి నొక్కటిగా జేసెను. అంతవఱకు వ్యస్తములైన పదము లప్పుడు సమాహారద్వంద్వ మయ్యెను. 1975లో మండలము రద్దుకాగా, లూయిస్ దీవి పశ్చిమద్వీపముల పాలనలోనికిని, తక్కిన భాగము హైలాండు ప్రాంతములోనికిని బోయెను. కావున 1889కి బూర్వపు వృత్తాంతములకు సమస్తనామము వాడుట దోషము. విగ్రహవాక్యమును మఱచిన చరిత్రకారుడు క్రామర్టీనే గోలుపోవును.