ఇద్దరు మనవళ్ల మధ్య గరిటె

ఉదయగిరిలో పుట్టినవాడి కన్ను ముందు గరిటె మీదే పడుతుంది. రోమన్ చక్రవర్తి ఆగస్టస్ వెండి నాణెం ఫొటోను పెద్దది చేసి చూసినప్పుడు నాకదే జరిగింది. ఒకవైపు ఆయన తల. రెండోవైపు ఆయన మనవళ్లు గేయస్, లూసియస్ డాళ్ల మీద చేతులానించి నిలబడ్డారు. వాళ్ల తలల నడుమ బియ్యపు గింజంత గరిటె, పక్కనే కొన వంపు తిరిగిన కర్ర. గరిటె పూజలో ధారపోసేది, అది పురోహిత పదవిలో ఉన్న గేయస్‌ది. కర్ర శకునాలు చూసే లూసియస్‌ది. కాడ గిన్నెను కలిసేచోట ఉలి ఎంత నెమ్మదిగా నడవాలో మా ఊళ్లో చెక్క గరిటెలు చేసేవాళ్ల దగ్గర చూశాను. ఆ అచ్చు చెక్కినవాడు అదే పనిని లోహంలో, కుడిఎడమలు తిప్పి, లోతుగా తవ్వి చేశాడు.

ఇద్దరినీ దత్తు తీసుకున్న ఆగస్టస్, నా తర్వాత వీళ్లేనని చాటడానికి క్రీ.పూ. 2 నుంచి ఈ నాణేలు కొట్టించాడు. క్రీ.శ. 2లో లూసియస్, 4లో గేయస్ చనిపోయారు. నాణేలు మాత్రం ఓడలెక్కి మనదాకా వచ్చాయి. మన దేశంలో దొరికిన ఆగస్టస్ వెండిలో ఎక్కువగా కనిపించేది ఈ అచ్చే. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటే పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. వాటి పేరు డెనారియస్. మన దీనారం ఆ మాటే.

మా నెల్లూరు సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. 1780లలో ఒక రైతు నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి ఆనవాళ్లు, దాని కింద కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. పాత బంగారం లెక్కన అమ్మేశాడు, చాలా కరిగిపోయాయి. ముప్పై పైచిలుకు మిగిలాయి. కొన్నిటికి బెజ్జాలున్నాయి, ఎవరో మెడలోనో దండకో కట్టుకున్నవి. మన కాసులపేరుకు అవి ముత్తవ్వలని నాకు గట్టి నమ్మకం.

మొన్న మా అత్త పాత వెండి మార్చాలంటే ఆత్మకూరు బజారుకు తోడెళ్లాను. కుప్పలో చెవి అతికిన ఎడ్వర్డు రూపాయి ఒకటి. మూడు డెనారియస్‌లు కలిస్తే ఇంచుమించు దాని తూకం.

"మూసలో వెయ్యొద్దన్నా, ఒక్క నిమిషం" అన్నాను కంసాలితో.

"దాంట్లో చూసేదేముందిరా?" అంది అత్త.

భూతద్దం ఆమె చేతికిచ్చాను. రాజు గడ్డంలో వెంట్రుకలు విడివిడిగా కనిపించాయి. చాలాసేపు చూసి, చెవి అతికినచోట వేలితో తడిమి, "ఇది మా అమ్మ నా మొలతాడుకు కట్టించింది" అంది. తక్కినవి తూకానికేసింది. దాన్ని కొంగున ముడేసుకుంది.