గౌతమి గట్టున ఛాయాచిత్ర సాధన

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అనే ప్రధాన పాయలుగా చీలి సముద్రం వైపు సాగుతుండగా, ఆ పాయల నడుమ మేట వేసిన ఒండ్రు నేలే కోనసీమ. ఆ సీమకు ఎగువ అంచున, గౌతమికి కుడి గట్టున, ఆత్రేయపురం మండలంలో ఉన్న వాడపల్లి వేంకటేశ్వరస్వామి క్షేత్రంగానే ఎక్కువమందికి తెలిసినప్పటికీ, ఏటిగట్టు, రేవు, ఇసుక తిన్నెలు, కొబ్బరి తోటలు, వరిచేలు కనుచూపు మేరలోనే ఉండటం వల్ల ప్రకృతి దృశ్య ఛాయాచిత్రణ నేర్వదలచిన ఔత్సాహికుడికి అంతకన్నా అనువైన చోటు దొరకడం కష్టం. బతుకుతెరువు కోసం కాక ఇష్టం కొద్దీ కెమెరా పట్టేవారు సాగించే ఈ కళ ముఖ్యంగా రెండు అలవాట్ల మీద నిలబడి ఉంది: చూసిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్లడం ఒకటి, తీసిన చిత్రాన్ని తోటి ఔత్సాహికుల ముందుంచి వారి మాట వినడం రెండవది. ఖరీదైన పరికరాలు ఈ రెండింటి తరువాతివే.

ఈ సంప్రదాయం దక్షిణాదిన కొత్తగా పుట్టింది కాదు. 1856లో అలెగ్జాండర్ హంటర్ చొరవతో మద్రాసులో ఏర్పడిన ఫోటోగ్రాఫిక్ సొసైటీ ప్రధానంగా ఔత్సాహికుల సంఘమే. ఆ కాలంలోనే మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడిగా పనిచేసిన లీనియస్ ట్రైప్ 1858లో అమరావతి శిల్పాలను చిత్రీకరించడంతో తెలుగువారి వారసత్వం కూడా కెమెరా కంటికి చేరింది. గోదావరి తీరాన్ని చిత్రకళా దృష్టితో చూడటం కెమెరా సామాన్యుల చేతికి రాకముందే మొదలైంది. రాజమహేంద్రవరంలో కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో ఎదిగిన చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) తన స్వల్ప జీవితంలోనే ఈ ప్రాంతపు వెలుతురును, నీటిని రంగుల్లోకి తెచ్చాడు. ఆ తరువాత 1967లో విడుదలైన దర్శకుడు బాపు తొలి సినిమా ‘సాక్షి’ వాడపల్లి ఉన్న మండలంలోదే అయిన పులిదిండిలో చిత్రీకరణ జరుపుకొని, స్టూడియో సెట్టు లేకుండానే గోదావరి పల్లె తెరను నింపగలదని నలుపు తెలుపుల్లో నిరూపించింది.

ప్రకృతి దృశ్యానికి మూలధాతువు వెలుతురు కనుక, దాని నడకను లెక్కగా తెలుసుకోవడం మొదటి పాఠం. కోనసీమ భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు 17 డిగ్రీల అక్షాంశంలో ఉన్నందువల్ల సూర్యుడు ఇక్కడ నిటారుగా పైకి ఎక్కుతాడు. క్షితిజం మీద కనిపించింది మొదలు 6 డిగ్రీల ఎత్తుకు చేరేలోపు కాసే వెచ్చని వాలు వెలుతురు దాదాపు అరగంట మాత్రమే నిలుస్తుంది. ఐరోపా దేశాల పుస్తకాలు చెప్పే సుదీర్ఘమైన ప్రభాత కాంతి ఇక్కడ లభించదు కాబట్టి, ఎక్కడ నిలబడాలో ముందురోజే నిర్ణయించుకొని, చీకటి ఉండగానే గట్టు చేరి, సూర్యోదయానికి ముందు ఆకాశం నీలంగా ఉండే ఇరవై నిమిషాలను కూడా వాడుకోవడం ఇక్కడి పద్ధతి కావాలి. వాడపల్లి గట్టుకు నది తూర్పు వైపున ఉన్నందువల్ల ఉదయపు సూర్యుడు నీటి మీదుగా వస్తాడు. అయితే అతడు ఉదయించే చోటు ఏడాది పొడుగునా మారుతూ, జూన్ నెలాఖరుకు తూర్పు నుంచి ఉత్తరానికి 24 డిగ్రీలకు పైగా, డిసెంబరు నెలాఖరుకు దక్షిణానికి అంతే మేర జరుగుతుంది. ఒక నావరేవును, దాని వెనుక సూర్యబింబాన్ని ఒకే వరుసలో నిలపదలచినవారు ఆ అమరిక కుదిరే వారాలను ముందే గుర్తించి వేచి ఉండవలసి వస్తుంది.

రెండవ పాఠం ఋతువులది. జూలై, ఆగస్టు నెలల్లో గోదావరి ఎర్రని ఒండ్రునీటితో నిండుగా పారుతుంది. వర్షాలు వెనకబట్టాక నీరు తేటపడి, వేసవి నాటికి ఇసుక తిన్నెలు బయటపడి, గాలి గీసిన గీతలతో సన్నని నీటిపాయలను చుట్టుకుంటాయి. తొలి పంట సార్వాకు తొలకరిలో, రెండో పంట దాళ్వాకు శీతకాలంలో దమ్ము చేసి నీరు పెట్టిన చేలు ఊడ్పులు ముగిసేవరకు కొద్దిరోజులపాటు ఆకాశాన్ని, కొబ్బరి చెట్ల వరుసలను అద్దంలా చూపిస్తాయి. నాట్లు కుదురుకొని పైరు కమ్ముకోగానే ఆ ప్రతిబింబం మాయమవుతుంది. సంక్రాంతి రోజుల్లో మంచు పట్టి దూరపు చెట్లు ఒకదాని వెనుక ఒకటి పలచబడిపోతాయి. వాడపల్లి స్వామిని ఏడు శనివారాలు వరుసగా దర్శించుకుంటామని భక్తులు మొక్కుకున్నట్లే, ఔత్సాహికుడు కూడా ఒక రేవును, ఒక చేనుగట్టును ఎంచుకొని ఏడాది పొడుగునా తిరిగి తిరిగి చూడగలిగితే, మొదటిసారి వెళ్లినవాడికి కనబడని మార్పులు అతడి చిత్రాల్లోకి చేరతాయి.

మూడవది కూర్పు, అంటే దీర్ఘచతురస్రపు చట్రంలో వస్తువులను అమర్చే తీరు. కొండలు లేని సమతల భూమిలో క్షితిజరేఖ ఒక్కటే దృశ్యాన్ని అడ్డంగా కోస్తుంది కనుక, ముందుభాగం, మధ్యభాగం, వెనుకభాగం అనే మూడు పొరలను ఏర్పరచడం ఇక్కడ కీలకమవుతుంది. రేవు మెట్టు, కట్టేసిన నావ, నారుమడి గట్టు వంటివి ముందుభాగానికి ఆధారమైతే, నది నడుమ లంక మీది చెట్లు మధ్యభాగాన్ని, ఆకాశం వెనుకభాగాన్ని ఇస్తాయి. ఏటిగట్టు నేలకన్నా ఎత్తుగా ఉండటం వల్ల అక్కడి నుంచి చూస్తే ఒకదానిమీద ఒకటి కప్పుకున్న ఈ పొరలు విడివడి కనిపిస్తాయి. కొబ్బరి చెట్లను తీసేటప్పుడు కెమెరాను పైకి వంచితే మానులన్నీ పైభాగంలో ఒకదానివైపు ఒకటి ఒరిగినట్లు వస్తాయి. కెమెరాను నేలకు సమాంతరంగా ఉంచి, వెనక్కు జరిగి, అక్కరలేని ముందుభాగాన్ని తరువాత కత్తిరించుకోవడం దీనికి సులువైన పరిష్కారం.

సాంకేతిక నిర్ణయాల్లోనూ స్థలమే మార్గదర్శి. కటకపు రంధ్రాన్ని సూచించే ఎఫ్ సంఖ్యను 8 నుంచి 11 వరకు ఉంచితే దగ్గరి గడ్డిపరక మొదలు దూరపు లంక వరకు స్పష్టత దక్కుతుంది. దాన్ని 22 వరకు తీసుకుపోతే వెలుతురు సన్నని రంధ్రపు అంచుల వద్ద వంగి, చిత్రమంతా కొంత మెత్తబడుతుంది. నీటి కదలికను పాలలా మలచడానికి షట్టరును కొన్ని సెకన్లు తెరిచి ఉంచే పద్ధతికి ముక్కాలిపీట వంటి స్టాండు తప్పనిసరి. కానీ కొబ్బరి మట్టలు చిన్న గాలికే ఊగుతాయి కాబట్టి, నీరు మెత్తగానూ ఆకు పదునుగానూ రావాలంటే గాలి లేని వేకువే శరణ్యం. వానలో తడిసిన కొబ్బరాకు తెల్లని మెరుపుతో తన పచ్చదనాన్ని దాచేస్తుంది. పరావర్తనమైన కాంతిలో కొంత భాగాన్ని అడ్డుకునే పోలరైజరు అనే తిప్పుడు ఫిల్టరు ఆ మెరుపును తొలగిస్తుంది. ఆకాశపు నీలాన్ని అది గాఢం చేసేది సూర్యుడికి 90 డిగ్రీల దిశలో కెమెరా తిప్పినప్పుడే ఎక్కువ. మంచు దృశ్యాన్ని కెమెరాలోని మీటరు మధ్యస్థమైన బూడిద రంగుగా పొరపడి చీకటి చేస్తుంది కనుక, ఎక్స్‌పోజరును, అంటే చిత్రానికి చేరే వెలుతురు మోతాదును, ఒక మెట్టు పెంచుకోవాలి. ఎఫ్ సంఖ్య సంగతి మినహా ఈ సూత్రాల్లో చాలావరకు ఫోను కెమెరాకూ వర్తిస్తాయి, ఎందుకంటే వెలుతురు, నిలబడే చోటు, వేచి ఉండే ఓపిక పరికరాన్ని బట్టి మారవు.

చిత్రం తీయడంతో సగం పనే పూర్తవుతుంది. మిగిలిన సగం పంచుకోవడం. దేశంలోని ఛాయాచిత్ర సంఘాలకు వేదికగా 1953లో ఏర్పడిన ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫోటోగ్రఫీ, ప్రపంచస్థాయిలో ఫియాప్ అని పిలిచే అంతర్జాతీయ సమాఖ్య, సాలోన్ అనే పోటీ ప్రదర్శన పద్ధతిని పోషిస్తున్నాయి. వచ్చిన చిత్రాలను న్యాయనిర్ణేతలు పరిశీలించి, ఎంపికైనవాటికి ‘యాక్సెప్టెన్స్’ అనే ఆమోదం ఇవ్వడం అందులోని విధానం. ఆ గుర్తింపు విలువైనదే అయినా, నేర్చుకోవడానికి అంతకన్నా ఉపకరించేది నలుగురైదుగురు మిత్రులు ప్రింట్లను బల్లమీద పరిచి మాట్లాడుకునే చిన్న గోష్ఠి. తీసినవారు మొదట మౌనంగా ఉండి, చూసేవారు తమ కన్ను ముందు ఎక్కడ వాలిందో, తరువాత ఎటు పోయిందో, ఎక్కడ చట్రం దాటిపోయిందో చెప్పడం మంచి పద్ధతి. బాగుంది, బాగాలేదు అన్న తీర్పు ఆ వర్ణన తరువాతే రావాలి. ప్రింటును తలకిందులుగా పెట్టి చూస్తే వస్తువు మీది మమకారం తగ్గి, వెలుగునీడల తూకం బయటపడుతుంది. తీసినవాడికి ఆ ఉదయపు చలి, పక్షుల అరుపు గుర్తుంటాయి. అవేవీ లేకుండా చిత్రం ఒక్కటే నిలబడుతుందో లేదో చెప్పగలిగేది అక్కడ లేని తోటివాడే. గోష్ఠికి ఉన్న అసలు బలం ఇదే.

సాలోన్లలోని ఒక నియమం కోనసీమ వాసులకు ప్రత్యేకంగా ఆలోచింపదగినది. ప్రకృతి విభాగంలో సాగుచేసిన మొక్కలకు, మనిషి చేతి ఆనవాళ్లకు సాధారణంగా చోటు ఉండదు కనుక, కొబ్బరి తోట, వరిచేను, కాలువ ఉన్న దృశ్యం ఎంత పచ్చగా ఉన్నా ఇతర విభాగాల్లోకే వెళుతుంది. నిజానికి ఈ నియమం కోనసీమ గురించి ఒక సత్యాన్ని చెబుతోంది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు, తరతరాల రైతులు, కూలీలు వేసిన గట్లు కలిసి మలచిన నేల ఇది. అందువల్ల ఊడ్పుల వేళ చేలోని మనుషులను అందానికి అడ్డుగా భావించి తప్పించడం ఈ దృశ్యం పట్ల అన్యాయం. వారిని చూపేటప్పుడు ముందుగా అడిగి తీయడం, పైరు తొక్కకుండా గట్టు వెంట నడవడం, శనివారం నాడు భక్తుల దారికి అడ్డంగా స్టాండు నిలపకపోవడం కూడా కూర్పులో పాటించే క్రమశిక్షణ వంటివే. వరద కాలంలో జాగ్రత్త మరీ అవసరం. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి, 13.75కు రెండవ, 17.75కు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ అవుతుంది. ఆ వార్తలు వింటూ లంకలకు, రేవులకు దూరంగా ఉండటం ఏ చిత్రం కన్నా ముఖ్యం.

ఈ సాధనకు సౌందర్యానికి మించిన ప్రయోజనం ఉంది. గోదావరి గట్లు కోతకు గురవుతాయి, లంకలు తరుగుతాయి, తిన్నెలు చోటు మారుతాయి, తోటలు చెరువులుగా, చెరువులు ఇళ్ల స్థలాలుగా మారుతుంటాయి. ఒకే చోటు నుంచి, ఒకే దిక్కుగా, ఏటేటా తీసిన చిత్రాలకు తేదీ, స్థలం, దిక్కు, నీటి స్థితి రాసి భద్రపరిస్తే, అవి ఊరికి చరిత్ర పత్రాలవుతాయి. కెమెరా నమోదు చేసిన పూర్తి సమాచారం గల మూల ఫైలును మార్పులు చేసిన ప్రతికి వేరుగా ఉంచడం, రెండు వేర్వేరు చోట్ల నకలు దాచడం, ఎంపిక చేసినవాటిని ప్రింటు వేయించి ఊరి గ్రంథాలయానికో పాఠశాలకో ఇవ్వడం ఔత్సాహికుల చేతిలో ఉన్న పనులే. పర్యాటక ప్రకటనల్లో కోనసీమ ఎప్పుడూ కొబ్బరి చెట్టు, నావ, అస్తమయం అనే మూడు ముక్కలకే కుదించుకుపోతోంది. అక్కడే పుట్టి పెరిగినవారు, అక్కడికి పదేపదే వచ్చేవారు తమ చిత్రాలను కలిసి చూసుకొని, ఒకరినొకరు సరిదిద్దుకుంటూ, సంవత్సరాల తరబడి కూడబెట్టినప్పుడే దాని అసలు ముఖం రాబోయే తరానికి అందుతుంది. ఆ పని జీతానికి పనిచేసేవారి వల్ల జరగదు. ఇష్టంతో వేకువనే లేవగలిగిన ఔత్సాహికుల వల్లనే జరుగుతుంది.