బాణీ ఎవరిదమ్మా?

ఇంటర్మీడియట్ ఫలితాలొచ్చిన మర్నాడు పొద్దున్నే మా ఎదురింటాయన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. వెంటబెట్టుకొచ్చింది ఆయనే గాని, ముందు నడిచింది మాత్రం పాప.

“అక్కా, నువ్వన్నా చెప్పు దీనికి. బీకామ్‌లో చేరమంటే పాట చదువుతానంటాంది. పాట చదివేదేందక్కా? పాడుకునేది గానీ!” అన్నాడు.

మంగంపేట ముగ్గురాయి లారీలకు లెక్కలు రాసే మనిషాయన. లెక్కకు రాని మాట ఆయన చెవికెక్కదు.

“పాడేదానికి కాదత్తా. పాట కట్టేదానికి” అంది పాప, నేల చూస్తూ.

కాఫీ కలిపే మిషతో వంటింట్లోకి వెళ్ళిపోయాను. నిజం చెప్పొద్దూ, నా దగ్గర సమాధానం లేదు. ఒకప్పుడు నేనూ బి.ఏ.లో సంగీతం ఒక సబ్జెక్టుగా తీసుకున్నదాన్నే. మూడేళ్ళు చదివాను. పాట ఎలా కడతారో మాత్రం ఆ మూడేళ్ళలో ఎవ్వరూ చెప్పలేదు.

చెప్పిందంతా లక్షణమే. డెబ్బైరెండు మేళకర్తలు వరసగా అప్పజెప్పాను. గీతం, స్వరజతి, వర్ణం, కృతి, పదం, జావళి, తిల్లానా – దేనికెన్ని అంగాలో, ఏది ముందో ఏది వెనకో రాశాను. వాగ్గేయకారులు ఎక్కడ పుట్టారో, ఎవరికి శిష్యులో, ఏ ముద్ర వేసుకున్నారో రాశాను. వర్ణం లక్షణాలు వివరించమనేవారు గాని, నాలుగావర్తాల వర్ణం నువ్వే కట్టి చూపించమ్మా అన్న ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు. సంగటికి బియ్యమెంత, రాగిపిండి ఎంత, తెడ్డు ఎటు తిప్పాలి అని మూడేళ్ళు రాయించి, పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వకపోతే ఎలా ఉంటుందో చెప్పండి.

చిత్రం ఏమిటంటే, మన సంగీత కళాశాలలకు పునాది వేసినవాళ్ళు పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళే. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. తొంభై రాగాలతో దశవిధ రాగ నవతి కుసుమ మంజరి కట్టిన మనిషి! తర్వాత విజయవాడ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా చేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు చిన్నవయసులోనే డెబ్బైరెండు మేళకర్తలకూ కృతులు కట్టారు. పాట పుట్టించేవాళ్ళ చేతుల్లో మొదలైన చదువు, పాటను ఒప్పజెప్పే చదువుగా ఎలా మారిందో! పరీక్షలకు మార్కులు వెయ్యాలి కదా. ఒప్పజెప్పిన దానికి మార్కు వెయ్యడం సులువు. పుట్టించిన దానికి మార్కు వెయ్యాలంటే వేసేవారికి కూడా కాస్త ధైర్యం కావాలి.

ఆఖరి ఏడు ప్రాక్టికల్ పరీక్షలో నేనొక పిచ్చిపని చేశాను. తాళ్ళపాకవారి సంకీర్తన ఒకటి తీసుకుని, రేకు మీద రాసివున్న రాగంలోనే, నా సొంత బాణీలో పాడాను. పల్లవి అయ్యేసరికి పరీక్షకురాలు చెయ్యెత్తి ఆపేశారు.

“బాణీ ఎవరిదమ్మా?”

“నాదేనండీ.”

ఆవిడ పక్కావిడ వంక చూశారు. పక్కావిడ కిటికీ వంక చూశారు. “తెలిసినవాళ్ళది ఏదన్నా పాడు” అన్నారు చివరికి. పాడాను. రెండో తరగతిలో పాసయ్యాను. అదే వారంలో తెలుగు పరీక్షకు కూర్చుని మూడు పేజీల వ్యాసం రాశాను. వ్యాసం ఎవరిదమ్మా అని ఎవరూ అడగలేదు. నవలలవైపు ఎందుకొచ్చారని మీలో కొందరు ఉత్తరాలు రాస్తుంటారు. ఇదొక కారణం.

ఆనాటి నా బాణీ బాగుందని ఇప్పుడు నేననను. చాలా ఏళ్ళ తర్వాత గాని దానిలో తప్పు నాకు తెలియలేదు. మాట మధ్యలో ఊపిరి తీసుకునేలా కట్టాను. ‘కలవరము’ అన్న మాటనే తీసుకోండి. ‘కల’ దగ్గర దీర్ఘంగా ఆగి, తాళం తిరిగొచ్చాక ‘వరము’ అని అందుకుంటే ఏమవుతుంది? బెంగ కాస్తా వరమై కూర్చుంటుంది! నేను చేసింది అచ్చంగా అలాంటి పనే. అర నిమిషంలో చెప్పగల దోషం అది. మాట ఎక్కడ విరగాలి, యతి తాళంలో ఎక్కడ పడాలి, ప్రాసాక్షరం మీద బాణీ ఎలా నిలబడాలి, ఏ అక్షరానికి దీర్ఘం ఓర్చుకునే బలం ఉంది – ఇవన్నీ చెబితే వచ్చేవే. నాకు అర నిమిషం ఇవ్వలేదన్నదే నా ఫిర్యాదు. మార్కులు పోయాయని కాదు సుమండీ.

“వాగ్గేయకారులు పుడతారు, తయారు కారు” అంటారు పెద్దలు. ఆ మాట విన్నప్పుడల్లా మా ఊరి పక్క తాళ్ళపాక గుర్తొచ్చి నవ్వొస్తుంది. రాజంపేటకు ఆరేడు కిలోమీటర్లు. రోడ్డు పక్కన నూటెనిమిది అడుగుల అన్నమయ్య నిలబడి ఉంటాడు. బస్సులోంచి చూసి దణ్ణం పెట్టుకుంటాం, బాగానే ఉంది. కాని ఆ ఇంట్లో పాట కట్టడానికి పాఠ్యపుస్తకం ఉండేదని ఎంతమందికి తెలుసు? అన్నమాచార్యులు (1408–1503) సంకీర్తన లక్షణాన్ని సంస్కృతంలో రాశాడు. అది మనకు దక్కలేదు. మనుమడు చిన తిరుమలాచార్యుడు దాన్ని తెలుగు పద్యాల్లో చెప్పాడు, అది దక్కింది. పదమంటే ఏమిటి, దానికి యతిప్రాసలెలా ఉండాలి, తాళానికి మాట ఎలా ఒదగాలి, ఏది దోషం – అన్నీ ఉన్నాయందులో. ఏలలు, చందమామ పదాల వంటి పల్లెపాటలను కూడా చిన్నచూపు చూడకుండా కలుపుకున్నాడు. తాత, కొడుకు, మనుమడు మూడు తరాలు పదాలు కట్టారు. మరి వీళ్ళు ముగ్గురూ పుట్టుకతోనే వచ్చారంటారా, ఇంట్లో నేర్పారంటారా?

ఆ పుస్తకంతో నాకు పేచీ లేకపోలేదు. మాటకు చెప్పినంత వివరంగా రాగానికి చెప్పలేదు. ఛందస్సు తెలిసినవాడికి చేతికర్ర అవుతుంది గాని, బాణీ ఎత్తుగడ కోసం వెతికేవాడికి దారి సగమే చూపిస్తుంది. మిగతా సగం తాతగారి పక్కన కూర్చుని చెవితో పట్టుకోవలసిందే కాబోలు. అయినా తెలుగులో పాట కట్టేవాళ్ళ కోసం రాసిన శాస్త్రం మన ఊరి పక్కనే పుడితే, దాని పేరు కూడా వినకుండా నేను డిగ్రీ పుచ్చుకున్నాను.

అంతకు ముందే పదమూడో శతాబ్దంలో శార్‌ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో వాగ్గేయకారులకు తరగతులు పెట్టాడు. మాటను మాతువన్నాడు, బాణీని ధాతువన్నాడు. రెండూ బాగా కుదిరినవాడు ఉత్తముడు. బాణీలో గట్టివాడై మాటలో కాస్త వెనకబడినవాడు మధ్యముడు. మాట ఎంత అందంగా ఉన్నా బాణీ నీరసమైతే అధముడే! (నన్ను చూసే రాశాడేమో.) ఇంకొకరి బాణీకి మాటలు పొదిగేవాడికి కుట్టికారుడని పేరు. మన సినిమా కవులు ట్యూను ఇస్తే రాస్తున్నామని బాధపడుతుంటారు గాని, వాళ్ళ ఉద్యోగానికి ఏడువందల ఏళ్ళ క్రితమే పేరు పెట్టి ఉంచారన్నమాట. ఇలా తరగతులు విడగొట్టగలిగారంటే, ఆ పని మంచిచెడ్డలు నలుగురూ కూర్చుని మాట్లాడుకునేవాళ్ళనే కదా అర్థం.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. తాళ్ళపాకవారి రాగిరేకులు తిరుమల గుడిలో సంకీర్తన భాండారంలో దొరికాయి. అన్నమయ్య ముప్ఫైరెండు వేలు కట్టాడని ఆయన మనుమడు చిన్నన్న రాశాడు. మనకు దొరికినవి అందులో సగం కూడా లేవు. ఆ దొరికినవాటికి సాహిత్యం ఉంది, నెత్తిన రాగం పేరుంది. స్వరం లేదు. అంటే మనం పొద్దున్నే రేడియోలో విని కళ్ళు మూసుకునే అన్నమయ్య పాట బాణీ అన్నమయ్యది కాదు. దాదాపు అన్నీ ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979), నేదునూరి కృష్ణమూర్తిగారు, 2025లో పోయిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు – మనకు తెలిసిన అన్నమయ్య గొంతు వీళ్ళిచ్చింది. ఇది స్వరరచన కాకపోతే మరేమిటి? అయినా పాడేవాళ్ళు “అన్నమాచార్య కీర్తన, ఫలానా రాగం, ఫలానా తాళం” అని చెప్పి ఊరుకుంటారు. బాణీ కట్టినవారి పేరు చాలాసార్లు నోట రాదు. నన్నడిగిన ప్రశ్న అక్కడ అడగాలనిపిస్తుంది నాకు – బాణీ ఎవరిదమ్మా?

రాళ్ళపల్లివారు మన సీమ మనిషే, అనంతపురం జిల్లా. మైసూరులో తెలుగు పాఠం చెప్పారు, ప్రాకృత గాథాసప్తశతిని తెలుగు చేశారు. వీరి బాణీల్లో మాట విరగదు. మాతువు తెలిసినవారు ధాతువు కట్టారు గనుక. ఆ బాణీలు వింటూ సాహిత్యాన్ని కాగితం మీద పెట్టుకుని చూడండి, ఊపిరి తీసుకునే చోట మాట పూర్తయి ఉంటుంది.

పైగా రేకు మీద రాగం పేరుంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ‘ముఖారి’ అని ఉందనుకోండి. 1550లో రామామాత్యుడు రాసిన స్వరమేళకళానిధిలో ముఖారి అంటే శుద్ధస్వరాల మేళం, ఇప్పుడు మనం కనకాంగి అంటున్న వరస. ఈనాటి కచేరీలో పాడే ముఖారి పూర్తిగా వేరు. కట్టేవాడు ఏ ముఖారిని పట్టుకోవాలి? పేరుకు కట్టుబడాలా, ఆ కాలపు స్వరాలకు కట్టుబడాలా, లేక భావాన్ని నమ్ముకుని రెండూ వదిలెయ్యాలా? డిగ్రీ రెండో ఏడు పిల్లలకు ఇంతకంటే మంచి అభ్యాసం ఉంటుందా! బాణీ లేని సంకీర్తనలు వేలున్నాయి. తలా ఒకటి చేతికిచ్చి, కట్టుకొచ్చి ఎందుకలా కట్టావో చెప్పమంటే సరిపోదూ?

ఎదుటివాళ్ళ వాదన కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. రెండొందల కృతులు కంఠంలో లేనిదే సొంతంగా కట్టబోతే వచ్చేది చిత్తుకాగితమే అంటారు. నిజమే. కల్పనస్వరం, నెరవు మాత్రం సృష్టి కాదా అంటారు. అదీ నిజమే. కాని కల్పనస్వరం పాడిన క్షణానే గాలిలో కలిసిపోతుంది. పాట కట్టడమంటే రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, మరొకరి నోటికి అప్పగించి, అక్కడ నిలిచిందా లేదా అని చూసుకోవడం. ఆ కష్టం వేరు. త్యాగరాజస్వామి దగ్గర నేర్చుకున్న మానంబుచావడి వెంకటసుబ్బయ్యగారు కృతులు కట్టారు. ఆయన శిష్యుడు పట్నం సుబ్రహ్మణ్యయ్యరు కట్టారు. ఆయన శిష్యుడు మైసూరు వాసుదేవాచార్యులు కట్టారు, అదీ తెలుగులో. ఈ నలుగురికీ కంఠపాఠం ఉంది, గురువు ముందు కూర్చోవడం ఉంది. గురువు కట్టడం చూడటం కూడా ఉంది. మన డిగ్రీ చదువులో మొదటిదే మిగిలింది.

ఆడపిల్లలకైతే ఈ తలుపు ఇంకాస్త బిగువు. మన ఊళ్ళలో సంగీతం నేర్చుకునేవాళ్ళు ఎక్కువమంది ఆడపిల్లలే. మా వాగ్గేయకారుల పేపర్లో మాత్రం ఒక్క ఆడపేరు లేదు. అన్నమయ్య ఇంట్లోనే తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది. మాకు అవతల తరిగొండలో పుట్టిన వెంగమాంబ కీర్తనలూ యక్షగానాలూ కట్టింది. నిన్నమొన్నటి మధుర అంబుజం కృష్ణగారు వందల పాటలు రాస్తే, వాటికి ఎక్కువగా బాణీలు కట్టింది ఇతర విద్వాంసులు. మాట మనది, బాణీ మగవారిది! పరాయి దేశాల్లో కూడా ఇదే తంతు. పారిస్ కన్సర్వేటరీలో పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో స్వరరచన తరగతి మగపిల్లలకే. అందుకే లూయీజ్ ఫారెంక్ అనే ఆవిడ మేష్టారి దగ్గర విడిగా చెప్పించుకుంది. స్వరరచనకిచ్చే రోమ్ బహుమతి ఆడమనిషికి తొలిసారి వచ్చింది 1913లో, లిలీ బూలాంజెకు. అక్కడ తలుపు మూసి ఉందని తెలుసు గనుక తట్టారు. మన దగ్గర అసలు గదే కట్టలేదు, ఏం తడతాం?

కాఫీలు పట్టుకొచ్చేసరికి తండ్రీకూతుళ్ళు చెరో పక్కకు చూస్తూ కూర్చున్నారు.

“ఉద్యోగమొచ్చేదుందా అక్కా ఈ చదువుకు?” అన్నాడాయన గ్లాసు అందుకుంటూ.

“బడిలో సంగీతం టీచరు కావచ్చు. పోటీ ఉంది. బీకామ్ చదివినా ఉంది కదా” అన్నాను. తిరుపతిలో దేవస్థానంవారి సంగీత నృత్య కళాశాల ఉందని, మహిళా విశ్వవిద్యాలయంలో కనుక్కోవచ్చని కూడా చెప్పాను. కట్టడం నేర్పుతారా అని పాప అడిగింది. సిలబస్ తెప్పించి చూద్దాం, అందులో లేకపోతే సాయంత్రాలు సంకీర్తన లక్షణం పట్టుకుని నా దగ్గరికి రా, నాకు తెలిసినంత నీకూ తెలుస్తుంది అన్నాను.

“ఏదీ, నువ్వు కట్టిందొకటి పాడు పాపా” అన్నాను తర్వాత.

తండ్రి ముందు పాడటానికి చాలా సిగ్గుపడింది. చివరికి గోడవైపు తిరిగి మొదలుపెట్టింది. చేయ్యేరు మీద రాసుకున్న పాట, ఆదితాళం. ఆయన కుర్చీ చేతి మీద వేలితో కొడుతున్నాడు. తాళం తెలిసి కాదు, లారీలు లెక్కపెట్టే అలవాటు. చరణం మూడో పాదం దగ్గర వేలు ఆగిపోయింది.

“ఒగటి తక్కువొచ్చె” అన్నాడు.

నేను లెక్క చూసుకున్నాను. నిజమే, ఏడే ఉన్నాయి.

పాప నాలుక కరుచుకుంది.

“మళ్ళా పాడు” అన్నాడాయన.