లక్షణము కణుపు కాగలదా?

వంశవృక్షము గీయమంటే హైస్కూలు పిల్లవాడెవడైనా గీయగలడు. పైన తాతగారి పేరు, ఆ కింద కొడుకులు, కూతుళ్ళు, వారి కింద మనుమలు. కొన్ని ఇళ్ళలో ప్రతి పేరు పక్కన జన్మనక్షత్రము, పుట్టిన సంవత్సరము కూడ రాసి ఉంచుతారు. రామయ్యగారిది రోహిణి అనుకొందాము. అంతమాత్రాన రోహిణిని రామయ్యగారి కూతురుగా ఎవరూ గీయరు. నక్షత్రము రామయ్యగారిని గురించిన ఒక సంగతి, ఆ ఇంట్లో మరొక మనిషి కాదు.

ఇంత తేలికగా కనిపించే ఈ భేదము దగ్గర పెద్దలు కూడ తడబడినారు. ఆ తడబాటు కంప్యూటరు రంగములో పాతికేళ్ళకు పైగా నిలిచి ఉన్నది. దాని కథే ఈ వ్యాసము.

బ్రౌజరులో మనము చూచే ప్రతి పేజీ యంత్రము లోపల ఒక వృక్షముగా నిలిచి ఉంటుంది. పేజీని రాసే భాష పేరు హెచ్.టి.ఎమ్.ఎల్. అందులో పేరా, బొమ్మ, పట్టిక, బొత్తాము వంటివి ఒక్కొక్కటి ఒక ఎలిమెంటు. ఈ మాటకు రసాయన శాస్త్రములో మూలకమని అర్థము. ఇక్కడ అది పొసగదు కనుక అంశమని పిలుద్దాము. ఒక్కొక్క అంశమునకు ఆట్రిబ్యూట్లు ఉంటాయి. బొమ్మ ఏ ఫైలులో ఉన్నది, దాని వెడల్పు ఎంత, బొమ్మ కనిపించనివారికి దానికి బదులు ఏ మాటలు వినిపించవలెను అనేవి అటువంటివి. వీటిని లక్షణములందాము. ప్రతి లక్షణమునకు ఒక పేరు, ఒక విలువ. ఒకే అంశములో ఒకే పేరు గల లక్షణము రెండుసార్లు రాకూడదు. అవి ఏ వరుసలో ఉన్నా అర్థము మారదు. ఇక వృక్షములో కొమ్మ చీలే చోటును నోడ్ అంటారు. చెరకుగడకు ఉండే కణుపు గుర్తుకు వస్తుంది కనుక ఆ మాటనే వాడుకొందాము.

ఈ వృక్షమును ప్రోగ్రాములు ఎట్లా చదవవలెనో, ఎట్లా మార్చవలెనో చెప్పే ప్రమాణము డాక్యుమెంట్ ఆబ్జెక్ట్ మోడల్. దాని మొదటి స్థాయిని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 1998 అక్టోబరు 1న సిఫారసుగా ప్రకటించినది. అంతకు ముందు నెట్‌స్కేప్ బ్రౌజరుది ఒక దారి, మైక్రోసాఫ్ట్ బ్రౌజరుది వేరొక దారి. ఒకే పేజీకి రెండు రకాల ప్రోగ్రాము రాయవలసి వచ్చేది. ఆ కష్టము తీర్చిన ప్రమాణము కనుక దాని మేలును ముందే ఒప్పుకోవలెను. నా విమర్శ లక్షణముల ఏర్పాటుకే పరిమితము.

ఈ ప్రమాణములో అన్నీ కణుపులే. ప్రతి రకమునకు ఒక సంఖ్య ఇచ్చినారు. అంశము 1, లక్షణము 2, పాఠ్యము 3. అంటే రామయ్యగారిని ఏ వలయములో రాసినారో రోహిణిని కూడ అటువంటి వలయములోనే రాసినారన్న మాట. కణుపు అన్న తరువాత దానిని కొన్ని ప్రశ్నలు అడగవచ్చును. నీ తండ్రి ఎవరు? నీ ముందు తోబుట్టువు ఎవరు? తరువాతి తోబుట్టువు ఎవరు? లక్షణము ఈ మూడింటికీ శూన్యమనే జవాబిస్తుంది. కణుపునకు ఉండవలసిన చుట్టరికములేవీ దానికి లేవు. బిరుదు మాత్రము ఉన్నది.

ఆ పత్రమును శ్రద్ధగా చదివినవారికి మరొక వింత కనిపిస్తుంది. లక్షణములు అంశముల గుణములే గాని వాటికి వేరే ఉనికి లేదని ఒకచోట స్పష్టముగా చెప్పినారు. ఆ మాట సత్యము. కాని అదే పత్రము తప్పుల జాబితాలో 10వ సంఖ్యగా ఒక తప్పును పేర్కొన్నది. ఒక అంశమునకు చెందిన లక్షణమును తీసి, నకలు చేయకుండా, మరొక అంశమునకు తగిలించబోతే, ఇది ఇప్పటికే వేరొకచోట వాడుకలో ఉన్నదని యంత్రము అడ్డుపడుతుంది. వేరే ఉనికి లేనిది వేరొకచోట వాడుకలో ఎట్లా ఉంటుంది? రామయ్యగారిది రోహిణి అయితే సుబ్బయ్యగారు రోహిణిలో పుట్టరాదని పంచాంగము చెప్పదు గదా! ఇక్కడ పత్రము తన మాటను తానే కాదన్నది.

ఇట్లా ఎందుకు చేసినారు? తెలివితక్కువతనముతో కాదు. అదే సంవత్సరము ఫిబ్రవరి 10న ఎక్స్.ఎమ్.ఎల్. అనే మరొక భాష వెలువడినది. దానిని కూడ ఈ ప్రమాణముతోనే నడపవలెనని సంకల్పము. ఆ భాషలో లక్షణపు విలువ వట్టి అక్షరముల వరుసగానే ఉండనక్కరలేదు. మధ్యలో, వేరొకచోట నిర్వచించిన పాఠమును ఇక్కడ చేర్చుకొనుడని చెప్పే సంకేతములు ఉండవచ్చును. వాటిని చెడగొట్టకుండా కాపాడవలెనంటే విలువను ముక్కలుగా ఉంచవలెను, ముక్కలుండవలెనంటే లక్షణమునకు సంతానము ఉండవలెను, సంతానము ఉండవలెనంటే అది కణుపు కావలెను. తర్కము సరిగానే నడిచినది. కాని నూటికో కోటికో వచ్చే అవసరము కోసము ప్రతి పేజీలోని ప్రతి లక్షణము మీద ఆ బరువు పడినది.

సరిగ్గా మరుసటి సంవత్సరము, 1999 నవంబరు 16న, అదే సంస్థ ఎక్స్‌పాత్ అనే మరొక ప్రమాణము ప్రకటించినది. అందులో లక్షణమునకు తండ్రి ఉన్నాడు, అది ఏ అంశమునకు చెందినదో ఆ అంశమే. ఐతే ఆ తండ్రి తన పిల్లల లెక్కలో దానిని చేర్చుకోడు! ఒకే ఇంటివారు రెండు వంశవృక్షములు గీసి, ఒకదానిలో బిడ్డకు తండ్రి లేడని, రెండవదానిలో తండ్రికి బిడ్డ లేదని రాసినట్లున్నది. ప్రోగ్రామర్లు విసిగి తమ దారి తాము చూచుకొన్నారు. పైథాన్ భాషలో ఫ్రెడ్రిక్ లుండ్ తయారు చేసిన ఎలిమెంట్‌ట్రీ అనే సాధనములో లక్షణములు నిఘంటువు వంటి ఒక పట్టిక మాత్రమే. పేరు ఇస్తే విలువ వస్తుంది, తండ్రి, తోబుట్టువుల గొడవ లేదు. నా దృష్టిలో అదే సరియైన రూపము.

ఇంతవరకు చెప్పినది ప్రోగ్రామర్ల చికాకే అనుకోవచ్చును. దీని వల్ల ఒకరి బ్రతుకులో కష్టము కలిగే చోటు ఇక ముందున్నది.

ఉపాధ్యాయులకు మార్కుల రిజిస్టరు సంగతి చెప్పనక్కరలేదు. పరీక్షకు వచ్చి సున్నా తెచ్చుకొన్న పిల్లవాడు వేరు, పరీక్షకే రాని పిల్లవాడు వేరు. రానివాడి గడిలో ఎవరైనా సున్నా వేస్తే ప్రధానోపాధ్యాయుడు ఊరుకోడు. మొదటి స్థాయి ప్రమాణము సరిగ్గా ఆ పనే చేసినది. ఒక లక్షణపు విలువను అడిగినపుడు ఆ లక్షణము అసలే లేకపోతే ఖాళీ మాటను జవాబుగా ఇమ్మన్నది. లక్షణము ఉండి దాని విలువ ఖాళీగా ఉన్నా అదే జవాబు. రెండింటికీ ఒకే సున్నా.

ఇప్పుడు బొమ్మకు బదులు వినిపించవలసిన మాటల లక్షణమును తీసుకొందాము. దాని పేరు ఆల్ట్. చూపు లేనివారు పేజీని చదివి వినిపించే ప్రోగ్రాము సాయముతో చదువుకొంటారు. ఆల్ట్ ఉండి ఖాళీగా ఉంటే, ఈ బొమ్మ వట్టి అలంకారము, దీనిని దాటి పొమ్మని అర్థము. ఆల్ట్ లేనే లేకపోతే, రాసినవాడు మరచిపోయినాడని అర్థము. అప్పుడు చాల ప్రోగ్రాములు గత్యంతరము లేక ఫైలు పేరును చదువుతాయి. ఆ బొమ్మ గుండె నిర్మాణము చూపే పటమైతే, చూపు లేని విద్యార్థికి పాఠములో సగము పోయినట్లే. పేజీలలో ఇటువంటి లోపములు వెదకే ప్రోగ్రాము రాయబోయేవానికి ఖాళీకి, లేమికి తేడా తెలియకపోతే ఆ పని సాగదు.

తెలుసుకొనే ఉపాయము 1998లోనే లేకపోలేదు. విలువను గాక లక్షణపు కణుపునే అడిగితే, అది లేనప్పుడు శూన్యము వచ్చేది. అనవసరమైన కణుపు ఆ ఒక్కచోట అక్కరకు వచ్చినదని ఒప్పుకొంటాను. ఐతే ద్వారము తప్పుచోట పెట్టి, కిటికీలోనుంచి రావచ్చునుగా అన్నట్లున్నది ఆ ఏర్పాటు. ఉన్నదా లేదా అని సూటిగా అడిగే వీలు 2000 నవంబరు 13న వెలువడిన రెండవ స్థాయిలో గాని రాలేదు. ఈలోగా బ్రౌజర్లు తయారు చేసినవారు ప్రమాణమును పక్కన పెట్టి, లేనిదానికి శూన్యమనే జవాబు ఇవ్వసాగినారు. చివరకు ప్రమాణమే వారి దారికి వచ్చినది. కాని జావా భాషతో వచ్చే సాధనములో ఇప్పటికీ పాత పద్ధతే ఉన్నది. అక్కడ లేమికీ ఖాళీకీ ఒకే జవాబు. జావా నేర్చుకొనే విద్యార్థులు ఇది గమనించవలెను.

మరొక చిక్కును కూడ క్లుప్తముగా చెబుతాను. ఫారములోని టిక్కు పెట్టెకు చెక్డ్ అనే లక్షణము ఉన్నది. అది పేజీ తెరిచినప్పటి స్థితినే చెబుతుంది. చదువరి తరువాత టిక్కు తీసివేసినా లక్షణము మారదు. పిల్లవాడు ఇల్లు మారినా అడ్మిషను రిజిస్టరులో పాత చిరునామాయే ఉన్నట్లు. ప్రస్తుత స్థితి అదే పేరుతో వేరొకచోట ఉంటుంది. ఒకే పేరు రెండింటికి పెట్టినందున ఎందరో పొరబడినారు. జెక్వెరీ అనే ప్రసిద్ధ సాధనము తయారు చేసినవారు 2011 మే నెలలో, 1.6 సంచికలో, ఈ రెండింటినీ రెండు వేరు వేరు ఆజ్ఞలుగా విడదీయవలసి వచ్చినది.

కణుపు కథ ఏమైనదంటే, కన్సార్షియం 2015 నవంబరులో ప్రకటించిన నాలుగవ ప్రమాణములో లక్షణమునకు కణుపు బిరుదు తీసివేసినారు. నేను చదివి సంతోషించినాను. కాని నేడు బ్రౌజర్లు అనుసరించే ప్రమాణములో లక్షణము మళ్ళీ కణుపే. సంఖ్య 2 అట్లాగే ఉన్నది, తండ్రి శూన్యమే, ముక్కలైన విలువ మాత్రము పోయి వట్టి అక్షరముల వరుస మిగిలినది. అంటే కణుపు కావడానికి చెప్పిన కారణము పోయినది, కణుపు మిగిలినది.

మరొక అవశేషము కూడ ఉన్నది. ఎక్స్.ఎమ్.ఎల్. నియమముల వల్ల కొన్ని లక్షణములు రాయకపోయినా వాటంతట అవే వచ్చేవి, తీసివేస్తే ఆ క్షణమే మళ్ళీ మొలిచేవి. లక్షణమును రచయితే రాసినాడా, లేక దానంతట అది వచ్చినదా అని తెలుసుకొనుటకు స్పెసిఫైడ్ అనే గుర్తు ఒకటి పెట్టినారు. ఇప్పుడు ఆ గుర్తును ఎప్పుడు ఏ లక్షణమును గురించి అడిగినా అవును అనే జవాబు ఒక్కటే వస్తుంది.